పెళ్లి డీవీడీ ఎన్నాళ్లు బతుకుతుంది? ఇంటి వీడియోలు దాచడానికి ఏ డిస్క్ కొనాలి

పదిహేను, ఇరవై ఏళ్ల కిందట నిఖా జరిగిన ఇళ్లలో ఇప్పుడు ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "డిస్క్ తిరుగుతోంది గానీ బొమ్మ రావడం లేదు." కొన్నిచోట్ల మొదటి అరగంట బాగానే నడుస్తుంది. సరిగ్గా రుఖ్సతీ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి నిలబడిపోతుంది. తీసి చూస్తే డిస్క్ మీద ఒక్క గీత కూడా ఉండదు. ఇన్నేళ్లలో దాన్ని డబ్బాలోంచి బయటికి తీసింది నాలుగైదు సార్లకు మించదు.

ఆ డిస్క్‌లో ఉన్నది ఒక్క పెళ్లి మాత్రమే కాదు. "కబూల్ హై" అన్న గొంతు ఉంది. వంటల దగ్గర నిలబడి అందరినీ అదిలిస్తున్న నానా ఉన్నాడు. ఇప్పుడు లేని దాదీ, కెమెరా తన వైపు తిరగగానే కొంగు సర్దుకుని నవ్విన నాలుగు సెకన్లు ఉన్నాయి. ఫొటోలైతే బంధువుల్లో ఎవరో ఒకరి దగ్గర దొరుకుతాయి. నడిచే, మాట్లాడే మనుషులుగా వాళ్లు మిగిలింది మాత్రం చాలా ఇళ్లలో ఆ ఒక్క డిస్క్‌లోనే.

వాడకపోయినా ఈ డిస్క్‌లు ఎందుకు పాడవుతాయి, ఉన్న వీడియోలను ఎలా బయటికి తీయాలి, మళ్లీ దేని మీద రాయించి దాచాలి అన్నది తెలుసుకోవడం ఇప్పుడు అవసరం. ఎందుకంటే మంచి డిస్క్‌లు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే దుకాణం కట్టేస్తున్నాయి.

రంగు మీద రాసిన రాత

బజారులో కొన్న సినిమా డీవీడీ, స్టూడియోవాళ్లు రాసిచ్చిన పెళ్లి డీవీడీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లోపలి సంగతి వేరు. సినిమా డిస్క్‌ను ఫ్యాక్టరీలో అచ్చు వేస్తారు. ప్లాస్టిక్‌లోనే కంటికి కనిపించనంత సన్నటి గుంటలు పడతాయి, వాటి మీద లోహపు పూత వేస్తారు. రాసే డిస్క్‌లో ఆ గుంటలు ఉండవు. వాటి బదులు పలచటి రసాయన రంగు పొర ఉంటుంది. దీన్నే డై అంటారు. రైటర్‌లోని లేజర్ ఆ రంగును చుక్కలు చుక్కలుగా మాడుస్తుంది. మాడిన చుక్కకు, మాడని చోటుకు ఉన్న తేడాయే మన వీడియో.

రంగు అంటే రంగే. కిటికీకి వేలాడదీసిన పరదా ఎండకు వెలిసినట్టే ఇదీ వెలుతురుకు, వేడికి, తేమకు మెల్లగా మారుతుంది. చుక్కకు, ఖాళీకి మధ్య తేడా తగ్గిపోతున్న కొద్దీ ప్లేయర్ తడబడుతుంది. కానీ ఆ తడబాటు మొదట్లో బయటికి తెలియదు. చదవడంలో వచ్చే చిన్న చిన్న తప్పులను సరిదిద్దుకునే ఏర్పాటు డిస్క్‌లోనే ఉంటుంది. తప్పులు ఆ ఏర్పాటు మోయగలిగినంత వరకు బొమ్మ నిక్షేపంగా కనిపిస్తుంది. ఆ గీత దాటిన రోజున ఒక్కసారిగా ఆగిపోతుంది. "మొన్న రంజాన్‌కు చూశాం, బాగానే ఉంది" అన్న మాటలో భరోసా అంత లేదన్నమాట.

చివరి భాగమే ముందు పోవడానికీ కారణం ఉంది. డిస్క్ మీద రాత మధ్యలోంచి మొదలై అంచువైపు సాగుతుంది. తేమ చేరేది, వేళ్లు తగిలేది, వంగితే ఎక్కువ వంగేది అంచే. డిస్క్ నిండా రాసి ఉంటే వలీమా, రుఖ్సతీ ఉండేది అక్కడే.

సీడీ, డీవీడీల మధ్య ఇంకో తేడా కూడా చాలామందికి తెలియదు. సీడీలో రాత పొర పైవైపున, పేరు రాసే వైపున, పలచటి వార్నిష్ కిందనే ఉంటుంది. అందుకే బాల్‌పెన్‌తో గట్టిగా "షాదీ – 1" అని రాస్తే ఆ గీత నేరుగా రాత మీదే పడుతుంది. అందరూ మెరిసే వైపు జాగ్రత్తగా పట్టుకుని, పైవైపు బల్ల మీద రుద్దుతారు. జరగాల్సింది దానికి తలకిందులు. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు రెండు అతికించి, రాతను వాటి మధ్యలో పెట్టారు. పైగీతల భయం తగ్గింది గానీ ఆ అతుకు వదిలితే లోపలికి గాలి, తేమ చేరి పని అయిపోతుంది. బ్లూ-రేలో రాత కింది ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంటుంది కాబట్టి దాని మీద గట్టి పూత ఒకటి వేస్తారు.

ప్లస్, మైనస్, ఆర్‌డబ్ల్యూ

దుకాణంలో డీవీడీ అడిగితే "ప్లస్సా, మైనస్సా" అని అడిగే రోజులు ఉండేవి. డీవీడీ-ఆర్ ముందు వచ్చింది, 1997లో పయనీర్ కంపెనీ నుంచి. డీవీడీ+ఆర్ 2002లో ఫిలిప్స్, సోనీ వంటి కంపెనీల కూటమి తెచ్చింది. రెండింటిలోనూ పట్టేది 4.7 జీబీయే. కంప్యూటర్ లెక్కలో అది 4.38గా కనిపిస్తుంది, మోసం ఏమీ లేదు. తర్వాత వచ్చింది కాబట్టి ప్లస్ రకంలో లేజర్ దారి తప్పకుండా పట్టుకునే గుర్తులు, తప్పులను సంభాళించే పద్ధతి మెరుగ్గా ఉన్నాయి. పాత వస్తువులను, రికార్డులను కాపాడే పద్ధతుల మీద పనిచేసే కెనడా ప్రభుత్వ సంస్థ కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం మామూలు వెండి పూత ఉన్న డీవీడీ-ఆర్ 10 నుంచి 20 ఏళ్లు, డీవీడీ+ఆర్ 20 నుంచి 50 ఏళ్లు నిలుస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా, నూరేళ్లు పైబడి, అది లెక్క కట్టింది థాలోసయనిన్ అనే రంగు, బంగారు పూత ఉన్న సీడీ-ఆర్‌కు. బంగారం తుప్పు పట్టదు, వెండి గంధకం తగిలితే నల్లబడుతుంది. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఏళ్లన్నీ చల్లటి, పొడి గదిలో ఉంచితే అన్న షరతు మీద చెప్పినవి. నెల్లూరు, కాకినాడ, మచిలీపట్నం తేమలో, నిజామాబాద్, కర్నూలు ఎండల్లో రేకుల ఇంటి అటక మీద పెట్టిన డిస్క్‌కు అవి వర్తించవు.

మళ్లీ మళ్లీ చెరిపి రాసే ఆర్‌డబ్ల్యూ డిస్క్‌లలో రంగుకు బదులు లోహ మిశ్రమం ఉంటుంది. వెలుతురును అది కొంత బాగా తట్టుకుంటుంది కూడా. అయినా ఇంటి జ్ఞాపకాలకు అది పనికిరాదు. చెరపడానికి వీలున్న డిస్క్‌ను ఇంట్లో పిల్లలెవరో ఒకరోజు చెరుపుతారు. డ్యూయల్ లేయర్ అని 8.5 జీబీ డీవీడీ ఉంది. ఒకదాని మీద ఒకటి రెండు పొరలు, లేజర్ ఒకదాన్ని దాటి రెండోదాన్ని చదవాలి. చోటు కోసం ఇబ్బంది కొనితెచ్చుకోవడమే అది.

ఇక బ్రాండ్ సంగతి. డబ్బా మీద ఉన్న పేరు ఒకటి, డిస్క్ తయారైన ఫ్యాక్టరీ ఇంకొకటి కావడం ఈ వ్యాపారంలో మామూలే. పెళ్లి సీజన్లో స్టూడియోలు వాడింది యాభై, వంద డిస్క్‌లు కుప్పగా వచ్చే చవక డబ్బాలనే. అందులో అన్నీ చెడ్డవని కాదు, కానీ ఏది మంచిదో పైకి చూసి చెప్పలేం. ఐఎంజీబర్న్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ డిస్క్ పెడితే తయారీదారు కోడ్ చూపిస్తుంది. కొత్త డబ్బా కొన్నప్పుడు ఆ కోడ్ ఒకసారి చూసుకోవడం మంచి అలవాటు.

బ్లూ-రేలో రెండు జాతులు

బ్లూ-రే రాసే డిస్క్‌ను బీడీ-ఆర్ అంటారు. ఒక పొర డిస్క్‌లో 25 జీబీ పడుతుంది. డీవీడీ ఎరుపు లేజర్ 650 నానోమీటర్లయితే దీని నీలి ఊదా లేజర్ 405 నానోమీటర్లు. మొన సన్నబడిన కలంతో అదే కాగితం మీద ఎక్కువ రాసినట్టు.

అసలు విషయం చోటు కాదు. మామూలు బీడీ-ఆర్‌లో రసాయన రంగు ఉండదు. రాత పొరలో రాగి మిశ్రమం, సిలికాన్ వంటి లోహ, ఖనిజ పదార్థాలు ఉంటాయి. లేజర్ వేడికి అవి కలిసిపోయి గుర్తు పడుతుంది. ఈ జాతిని హెచ్‌టీఎల్ అంటారు. వెలుతురుకు వెలిసేది అందులో ఏమీ లేదు. అయితే డీవీడీ యంత్రాల మీదే చవకగా తయారు చేయాలని కొన్ని కంపెనీలు మళ్లీ రసాయన రంగుతో ఎల్‌టీహెచ్ అనే రెండో జాతిని తెచ్చాయి. పేర్లు ఒకదాన్నొకటి తిరగేసినట్టు ఉండడంతో కొనేవాళ్లు తికమక పడతారు. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: డబ్బా మీద ఎల్‌టీహెచ్ అని ఉంటే వదిలేయాలి.

బ్లూ-రే విషయంలో నిపుణులంతా ఒకే మాట మీద లేరన్నది కూడా చెప్పాలి. పైన చెప్పిన కెనడా సంస్థ బ్లూ-రేకు డీవీడీ+ఆర్ కంటే తక్కువ ఏళ్లే ఇచ్చింది. రాత ఉపరితలానికి మరీ దగ్గరగా, మరీ సన్నగా ఉంటుంది కాబట్టి అంత జాగ్రత్త పడడంలో అర్థం ఉంది. అయినా ఎండ, వేడి ఎక్కువగా ఉన్న చోట రంగు లేని డిస్క్‌దే పైచేయి అన్న వాదన బలమైనది. ఒకే రకం డిస్క్ మీద అన్నీ పెట్టకూడదనడానికి ఈ భిన్నాభిప్రాయమే మంచి కారణం.

వెయ్యేళ్ల డిస్క్ కథ

ఎం-డిస్క్ పేరు వినని వీడియోగ్రాఫర్ ఇప్పుడు తక్కువ. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మిలెనియాటా అనే కంపెనీ దీన్ని తెచ్చింది. రంగు బదులు రాయిలాంటి గట్టి పదార్థపు పొర, దాన్ని లేజర్‌తో కరిగించి శాశ్వతంగా గుంట పెట్టడం దీని పద్ధతి. వెయ్యేళ్లు నిలుస్తుందని ప్రచారం చేశారు. ఆ మాట చెప్పిన కంపెనీ మాత్రం 2016లో దివాలా తీసింది. డిస్క్‌లు వెర్బాటిమ్ పేరుతో ఇప్పటికీ వస్తున్నాయి.

వెయ్యేళ్లు ఎవరూ చూసి చెప్పింది కాదు. డిస్క్‌లను 80, 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న పెట్టెల్లో వారాల తరబడి ఉంచుతారు. తప్పులు ఎంత వేగంగా పెరుగుతున్నాయో కొలిచి, మామూలు గదిలో ఎన్నేళ్లు పడుతుందో లెక్క కడతారు. అమెరికా నౌకాదళానికి చెందిన చైనా లేక్ కేంద్రంలో 2009లో చేసిన పరీక్షలో మామూలు డీవీడీలు విఫలమై ఎం-డిస్క్ నిలబడింది. ఫ్రాన్స్ జాతీయ పరీక్షా సంస్థ ఎల్‌ఎన్‌ఈ ఇంకా కఠినంగా పరీక్షిస్తే ఎం-డిస్క్ డీవీడీ కూడా మిగతా డీవీడీల కంటే పెద్దగా మెరుగనిపించలేదు. రాత పొర రాయే కావచ్చు, చుట్టూ ఉన్నది అదే ప్లాస్టిక్, అదే జిగురు కదా.

కాబట్టి ఎం-డిస్క్ డీవీడీకి పెట్టే అదనపు డబ్బు రంగు డీవీడీతో పోలిస్తే దండగ కాదు. కానీ దాన్ని రాయడానికి ఎక్కువ శక్తి ఉన్న, ఎం-డిస్క్ గుర్తు ఉన్న రైటర్ కావాలి. చదవడానికి మాత్రం ఏ డీవీడీ ప్లేయరైనా సరిపోతుంది. బ్లూ-రే ఎం-డిస్క్ విషయంలో తేడా అంత పెద్దది కాదు, ఎందుకంటే మామూలు హెచ్‌టీఎల్ బీడీ-ఆర్‌లోనూ రంగు లేదు. చేతిలో డబ్బు తక్కువ ఉంటే ఒక ఎం-డిస్క్ కంటే వేర్వేరు కంపెనీల హెచ్‌టీఎల్ డిస్క్‌లు రెండు కొనడం తెలివైన పని.

ముందు ఉన్నవి బయటికి తీయాలి

కొత్త డిస్క్ కొనడానికి ముందే చేయాల్సిన పని, పాతవాటిలో ఉన్నదాన్ని ఈ నెలలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించడం.

2000 తర్వాతి కొన్నేళ్ల పెళ్లిళ్లలో ఎక్కువగా ఇచ్చింది వీసీడీలు. రెండు, మూడు సీడీల సెట్టు. ఇవి అన్నిటికంటే ముందు చూసుకోవాల్సినవి. మామూలు డేటా సీడీలో తప్పులను సరిదిద్దే పొర ఒకటి అదనంగా ఉంటుంది. వీసీడీలో వీడియో కాస్త ఎక్కువ పట్టడం కోసం ఆ పొరను తీసేశారు. చిన్న లోపానికే కాపీ ఆగిపోతుంది. సీడీ తెరిచి అందులోని ఎంపెగ్ ఏవీ ఫోల్డర్‌లో ఉన్న డాట్ ఫైళ్లను ఉన్నది ఉన్నట్టే కాపీ చేసుకోవాలి. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తం. "ఎంపీ4 చేసి ఇస్తాం" అంటే అది ఫోన్లో చూసుకోవడానికి వేరుగా చేయించుకోవచ్చు. దాచేది మాత్రం అసలు ఫైలే కావాలి, మార్చిన ప్రతిసారీ బొమ్మ కాస్త పోతుంది.

ఒక డ్రైవ్‌లో చదవని డిస్క్ ఇంకో కంపెనీ డ్రైవ్‌లో చదవడం చాలా సార్లు జరుగుతుంది. రెండు మూడు చోట్ల ప్రయత్నించకుండా పారేయకూడదు.

గల్ఫ్ నుంచి తెచ్చిన హ్యాండీక్యామ్‌ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక దశలో వచ్చిన కెమెరాల్లో 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీలు ఉండేవి. ఒక్కోదానిలో 1.4 జీబీ, అంటే మామూలు నాణ్యతలో అరగంట. పిల్లల అకీఖాలు, బిస్మిల్లాలు, ఈద్‌లు చాలావరకు వాటిలోనే ఉన్నాయి. రికార్డింగ్ అయ్యాక ఆ డిస్క్‌ను కెమెరాలోనే ఫైనలైజ్ చేయాలి. చాలామంది చేయలేదు. ఫైనలైజ్ కాని డిస్క్‌ను ప్లేయర్‌లో పెడితే ఖాళీ అని చూపిస్తుంది. అది ఖాళీ కాదు. పాత కెమెరా ఇంట్లో ఉంటే దాన్ని పారేయకుండా, చార్జర్ వెతికి, డిస్క్ పెట్టి ఫైనలైజ్ నొక్కితే సరిపోతుంది. కెమెరా లేకపోతే ఐసోబస్టర్ వంటి సాఫ్ట్‌వేర్ అలాంటి డిస్క్‌లను చదవగలదు. ఇంకో జాగ్రత్త, ఈ చిన్న డిస్క్‌ను నోటితో లోపలికి లాక్కునే రకం డ్రైవ్‌లలో, కార్ స్టీరియోల్లో పెట్టకూడదు. ఇరుక్కుంటుంది.

వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్న ఇళ్లు ఇంకా తొందరపడాలి. ప్రపంచంలో వీసీఆర్ చేస్తున్న చివరి కంపెనీ జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. టేపు అంచుల మీద తెల్లగా పొడి కనిపిస్తే అది బూజు. శుభ్రం చేయించకుండా వీసీఆర్‌లో వేస్తే టేపూ పోతుంది, యంత్రమూ పోతుంది. షాపుకు ఇచ్చేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పాలి. పాటలు, పూల డిజైన్లు ఏమీ కలపొద్దు, టేపులో ఉన్న శబ్దం అలాగే ఉండాలి. ఖాజీ సాబ్ ఖుత్బా మీద సినిమా పాట అతికించిన పెళ్లి వీడియోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. రెండో మాట, మూడు గంటల క్యాసెట్‌ను ఒక్క డీవీడీలో కుక్కి ఇవ్వొద్దు, ఫైలు హార్డ్‌డిస్క్‌లో కావాలి. మంచి డీవీడీ నాణ్యతలో గంట వీడియోకు దాదాపు 3.6 జీబీ అవుతుంది. మూడు గంటలు 11 జీబీ. 25 జీబీ బీడీ-ఆర్‌లో అలాంటి క్యాసెట్లు రెండు సుఖంగా పడతాయి. మార్చాక కూడా క్యాసెట్ పారేయొద్దు.

ఇప్పటి పెళ్లిళ్లు ఫోన్లలోనే ఉన్నాయి. ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 130 ఎంబీ తింటుంది, 25 జీబీలో మూడు గంటలు. ఫోర్‌కే అయితే గంట చిల్లర. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను దాచుకోవడం మాత్రం ఫొటోకు జిరాక్స్ తీసి జిరాక్స్‌ను దాచుకోవడం వంటిది. తీసిన ఫోన్ ఎవరిదో వాళ్ల దగ్గర్నుంచి అసలు ఫైలు తెప్పించుకోవాలి.

జనానా వీడియోలు, షాపు కంప్యూటర్

"ఇంత తంటా ఎందుకు, క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా" అని చదువుకున్న పిల్లలు అంటారు. చాలా ఇళ్లలో అమ్మీలు, ఖాలాలు దానికి ఒప్పుకోరు. ఆడవాళ్ల వైపు తీసిన వీడియో ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండడం వాళ్లకు ఇష్టం ఉండదు, ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయడానికి లేదు. పాస్‌వర్డ్ ఒకరికే తెలిసి ఉండడం, డబ్బు కట్టడం ఆగితే ఖాతా మూతపడడం వేరే ఇబ్బందులు. పెన్‌డ్రైవ్‌లో రాత విద్యుత్ ఆవేశం రూపంలో ఉంటుంది, ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అది జారిపోవచ్చు. హార్డ్‌డిస్క్ తిరిగే యంత్రం, కింద పడితే అంతే సంగతులు. ఒకసారి రాసిన డిస్క్‌ను ఎవరూ చెరపలేరు, వైరస్ పట్టదు, బీరువా తాళం వేస్తే ఎవరికీ కనిపించదు. ఆడవాళ్ల వీడియోలు వేరే డిస్క్ మీద రాసి వేరుగా పెట్టుకోవచ్చు.

అయితే ఆ గోప్యత మొదట పోయేది షాపులోనే. మార్చడానికి ఇచ్చిన వీడియో కాపీ ఆ కంప్యూటర్‌లో ఉండిపోతుంది. ఇంట్లో చేయగలిగిన కుర్రాళ్లు ఉంటే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో ఇంట్లోనే చేయడం ఉత్తమం. కాకపోతే ఎదురుగా కూర్చుని చేయించుకుని, పని అయ్యాక ఫైలు తీసేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి రావాలి. మొహమాటపడాల్సిన విషయం కాదు.

రాయడం, దాచడం

ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవ్ పెట్టడం మానేసి చాలా కాలమైంది. యూఎస్‌బీతో తగిలించే బ్లూ-రే రైటర్ ఒకటి కొనాలి. ఒక్కో ఇల్లు ఒక్కోటి కొననక్కర్లేదు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి ఒకటి కొనుక్కుని తిప్పుకుంటే చాలు. డిస్క్ మీద 16 ఎక్స్ అని ఉన్నా అంత వేగంతో రాయకూడదు. డీవీడీకి 4 లేదా 8, బ్లూ-రేకు 4 సరిపోతుంది. మరీ 1 ఎక్స్‌కు దించితే ఇంకా బాగా పడుతుందన్నది అపోహే, ఇప్పటి డిస్క్‌లు ఆ వేగానికి తయారైనవి కావు. రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై అనే గడిలో టిక్ పెట్టాలి. రాసినదాన్ని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివి సరిచూస్తుంది. సమయం రెట్టింపవుతుంది, అయినా అది వదలకూడని పని. అలాగే డిస్క్‌ను అంచు దాకా నింపకుండా కొంచెం చోటు వదిలేస్తే మంచిది, కారణం పైన చెప్పిందే.

పేరు రాయడానికి నీటి సిరా మార్కర్ వాడాలి, అది కూడా మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయం మీద. దంపతుల ఫొటో ముద్రించిన గుండ్రటి స్టిక్కర్ పెళ్లి డీవీడీకి అందం అనుకుంటారు. అది ఎండి ముడుచుకుంటే డిస్క్‌ను వంచుతుంది. అలా అని పాత డిస్క్ మీద ఉన్నదాన్ని పీకడానికి పోతే ఇంకా పెద్ద నష్టం. ఉన్నది ఉన్నట్టే కాపీ తీసుకోవాలి.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం డిస్క్‌లు 4 నుంచి 20 డిగ్రీల వేడిలో, 20 నుంచి 50 శాతం తేమలో ఉండాలి. ఏసీ నిరంతరం నడిచే ఆఫీసులో తప్ప ఇక్కడ అది కుదిరే పని కాదు. కుదిరేది ఏమిటంటే, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది, ఎండ తగలని గోడ, బీరువా మధ్య అర. హాల్లో అద్దాల షోకేసు వద్దు, అటక వద్దు, వంటింటి గోడ వద్దు. ఆల్బమ్‌లోని ప్లాస్టిక్ జేబులోంచి తీసి, మధ్యలో పట్టి ఉంచే గట్టి డబ్బాలో పెట్టి, పుస్తకంలా నిలువుగా నిలబెట్టాలి. డబ్బా పక్కన సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలం ముందు మారిస్తే తేమ సంగతి కొంత చూసుకుంటుంది. దుమ్ము పడితే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ కాదు.

ఒక్క ఇంట్లో ఉన్నది ఎంత మంచి డిస్క్ అయినా ఒక్కటే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ పాతబస్తీ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఎలా మునిగాయో అందరికీ గుర్తుంది. బురదలో తడిసిన డిస్క్‌ను వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెడితే చాలావరకు బతికే అవకాశం ఉంది, హార్డ్‌డిస్క్‌కు ఆ అదృష్టం తక్కువ. అయినా రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. మెట్టినింట్లో ఉన్న అమ్మాయి దగ్గరో, రియాద్‌లోనో కువైట్‌లోనో ఉన్న కొడుకు దగ్గరో. మూడో కాపీ హార్డ్‌డిస్క్‌లో, రోజూ చూసుకోవడానికి.

మూడేళ్లకోసారి, పోనీ ప్రతి బక్రీద్ సెలవులకు ఒకటి రెండు చొప్పున, డిస్క్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడాలి. ఊరికే ప్లే చేసి చూస్తే సరిపోదు. కాపీ మధ్యలో వేగం పడిపోతూ డ్రైవ్ గురగురలాడుతుంటే ఆ డిస్క్ జబ్బు పడిందని అర్థం. వెంటనే కొత్తదాని మీద రాయాలి.

ఆ కొత్త డిస్క్ అప్పటికి దొరకాలి మరి. రాసే బ్లూ-రేల తయారీని పానాసోనిక్ 2023 ఫిబ్రవరిలో, సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేశాయి. మంచి సీడీ-ఆర్‌లకు పేరుపడిన జపాన్ కంపెనీ తైయో యుదెన్ 2015లోనే ఈ వ్యాపారం వదిలేసింది. మన దేశంలో ఇంటింటికీ తెలిసిన మోజర్ బేర్ 2018లో మూసివేత ఉత్తర్వుల దాకా వెళ్లింది. ఇప్పుడు వెర్బాటిమ్ బ్రాండ్ కూడా తైవాన్‌కు చెందిన సీఎంసీ మాగ్నెటిక్స్ చేతిలో ఉంది. డిస్క్‌లు రేపే మాయమైపోవు గానీ, రకాలు తగ్గి ధరలు పెరగవచ్చు. రైటర్‌తో పాటు పది ఖాళీ డిస్క్‌లు ఎక్కువ కొని పక్కన పెట్టుకోవడం అతిజాగ్రత్త కాదు. డ్రైవ్‌ను కూడా డిస్క్‌లతో పాటే దాచాలి, ముప్పై ఏళ్ల తర్వాత చదివే యంత్రం లేకపోతే మంచి డిస్క్ అయినా పళ్లెమే.

చివరగా, డిస్క్ రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి కంప్యూటర్ తెలియక్కర్లేదు. ఇంట్లో పెద్దలతో కలిసి ఆ వీడియో ఒకసారి పూర్తిగా చూడాలి. పన్నెండో నిమిషంలో తెల్ల షేర్వానీలో ఉన్నదెవరు, పెళ్లికూతురి పక్కన కూర్చున్న ముసలావిడ ఏ ఊరి ఫూఫీ అన్నది వాళ్లు చెబుతుంటే రాసుకోవాలి. తెలుగులోనో, ఉర్దూలోనో, చేతనైన లిపిలో. దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా అదే డిస్క్‌లో పెట్టి, ఒక కాగితం మీద కూడా రాసి డబ్బాలో మడిచి పెట్టాలి.